నిప్పు బాగుంది, పొగ ఏది?

డాలస్ శివార్లలో ఫ్రిస్కో, ప్లేనో వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగువాళ్ల పెరళ్లలో గ్యాస్ గ్రిల్ పక్కనే పెల్లెట్ స్మోకర్ కూడా కనిపిస్తోంది. అడ్డంగా పడుకోబెట్టిన పీపా, దానికి ఒక పక్క పెట్టె, పొగ పోవడానికి గొట్టం, కింద కరెంటు తీగ. రాత్రి పదింటికి మాంసం పెట్టి, 225 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 107 సెల్సియస్) దగ్గర మీట తిప్పి పడుకుంటే, తెల్లారి లేచేసరికి కూడా లోపల అదే వేడి ఉంటుంది. మామూలు కట్టెలతో పన్నెండు గంటలు ఒకే వేడి నిలపాలంటే ఎవరో ఒకరు గంటకోసారి, ఒక్కోసారి అరగంటకోసారి లేచి కట్టె వేయాల్సిందే. ఈ యంత్రానికి ఆ కాపలా అక్కర్లేదు.

అయితే కొన్నవాళ్లలో చాలామంది చెప్పే ఫిర్యాదు ఒకటుంది. మాంసం మెత్తగానే ఉంది, రంగు కూడా తిరిగింది, పొగ వాసన మాత్రం అంతంతమాత్రం. టెక్సస్‌లోని లాక్‌హార్ట్‌ ఊళ్లో ఇటుకలతో కట్టిన పొయ్యిల మీద, ఓక్ కట్టెలతో వండే పాత దుకాణాల్లో తిన్న రుచి ఇంకా నాలుక మీదే ఉంటుంది కాబట్టి తేడా వెంటనే తెలిసిపోతుంది. కట్టె అదే జాతి, మాంసం అదే, పొగలో ఉన్న గంటలూ దాదాపు అన్నే. మరి పొగ ఎటు పోయింది?

ఎటూ పోలేదు. అసలు పుట్టలేదు. పొగ అంటే పూర్తిగా కాలకుండా బయటపడిన కట్టె. పెల్లెట్ స్మోకర్ కట్టెను దాదాపు పూర్తిగా కాల్చేస్తుంది. దాని గొప్పతనం, దాని లోటు రెండూ అక్కడే ఉన్నాయి. ఈ ఒక్క సంగతి బోధపడితే ఏది కొనాలో, కొన్నాక ఎలా వాడాలో చాలావరకు తేలిపోతుంది.

రంపపు పొట్టు నుంచి గుళిక

1970ల చమురు సంక్షోభంతో అమెరికాలో ఇళ్లను వెచ్చబరచుకోవడానికి చౌకైన ఇంధనం కోసం వెతుకులాట మొదలైంది. రంపపు మిల్లుల దగ్గర పొట్టు ఎప్పుడూ ఉండేదే. దాన్ని ఎండబెట్టి, మెత్తగా నలగ్గొట్టి, చిన్న చిల్లులున్న ఉక్కు అచ్చులోంచి గట్టిగా నొక్కితే సుమారు 6 మిల్లీమీటర్ల మందం గుళికలు (పెల్లెట్లు) వస్తాయి. జిగురు కలపక్కర్లేదు. కట్టెలోనే లిగ్నిన్ అనే పదార్థం ఉంది. చెట్టు కాండానికి గట్టిదనం ఇచ్చేది అదే. అచ్చులో పుట్టిన రాపిడి వేడికి అది మెత్తబడి, చల్లారాక పొట్టునంతా పట్టి ఉంచుతుంది. ఈ లిగ్నిన్‌ను గుర్తుపెట్టుకోండి, పొగ రుచి దగ్గర మళ్లీ దీనితో పని పడుతుంది.

ఆరెగన్ రాష్ట్రంలోని మౌంట్ ఏంజెల్ చిన్న ఊరు. అక్కడ ఇళ్ల హీటింగ్ వ్యాపారం చేసే ట్రేగర్ కుటుంబం ఈ గుళికల మీద వంట చేయవచ్చని గ్రహించింది. జో ట్రేగర్ తయారుచేసిన యంత్రానికి 1986లో పేటెంట్ వచ్చింది. తర్వాతి ఇరవై ఏళ్లు ఈ రంగం దాదాపు ఆ ఒక్క పేరు మీదే నడిచింది. 2006లో పేటెంట్ గడువు తీరాక పోటీ పెరిగింది. పిట్ బాస్, క్యాంప్ చెఫ్, రెక్‌టెక్, యోడర్ వంటి పేర్లు ఇప్పుడు దుకాణాల్లో వరసగా కనిపిస్తాయి.

పీపా లోపల ఏం జరుగుతుంది

పక్కనున్న పెట్టె పేరు హాపర్. గుళికలు అందులో పోస్తారు. దాని అడుగున మరలు తిరిగిన పొడవాటి ఇనప కడ్డీ ఉంటుంది, ఆగర్ అంటారు. చిన్న మోటారు దాన్ని మెల్లగా తిప్పుతుంటే గుళికలు కొద్దికొద్దిగా ముందుకు జరిగి, పీపా అడుగున ఉన్న ఇనప గిన్నెలో పడతాయి. రెండు గుప్పిళ్లు పట్టేంత గిన్నె. రాత్రంతా కాలే మంట మొత్తం అందులోనే. మొదటి కొద్ది నిమిషాలు ఒక వేడి కడ్డీ ఎర్రగా కాలి గుళికలను అంటిస్తుంది. అంటుకున్నాక దానికి పని లేదు. గిన్నెకున్న చిల్లుల్లోంచి ఫ్యాన్ ఊదే గాలే మంటను నిలబెడుతుంది.

మంట పైన మందపాటి రేకు ఒకటి అడ్డుగా ఉంటుంది. దాని మీద కొవ్వు జారిపోవడానికి వాలుగా ఇంకో రేకు, ఆపైన మాంసం పెట్టే జాలీ. అంటే మంట మాంసాన్ని తాకదు. వేడిగాలి, పొగ రేకుల అంచుల మీదుగా పైకి లేచి, మాంసం చుట్టూ తిరిగి గొట్టంలోంచి బయటికి పోతాయి. నిజానికి ఇది కట్టెతో నడిచే ఓవెన్.

వేడి ఎంతుందో చెప్పేది లోపలికి పొడుచుకువచ్చిన సన్నటి ఉష్ణ సూచిక. ఏం చేయాలో నిర్ణయించేది కంట్రోలర్. పాతకాలం కంట్రోలర్లు ఆగర్‌ను కొన్ని సెకన్లు తిప్పి, ఒక నిమిషం పాటు ఆపి, మళ్లీ తిప్పేవి. గాలి వీచినా ఎండ కాసినా లెక్క అదే కాబట్టి వేడి ఇరవై డిగ్రీలు పైకీ కిందికీ ఊగేది. ఇప్పటి మంచి యంత్రాల్లో ఉండేది పీఐడీ కంట్రోలర్. అది మూడు సంగతులు కలిపి చూస్తుంది: మనం పెట్టిన వేడికీ ఉన్న వేడికీ తేడా ఎంత, ఆ తేడా ఎంతసేపటి నుంచి ఉంది, ఎంత వేగంగా మారుతోంది. దాన్నిబట్టి గుళికలనూ గాలినీ క్షణక్షణం సరిచేస్తుంది. వాతావరణం నెమ్మదిగా ఉంటే ఐదారు డిగ్రీల లోపే ఆడుతుంది.

ఇక్కడే ఒక చిక్కు. వేడి ఊగే యంత్రంలో మంట సగం ఆరి మళ్లీ లేచే ప్రతిసారీ గుళికలు కాసేపు మండకుండా కుములుతాయి. ఆ కాసేపే పొగ వస్తుంది. ఊగని యంత్రంలో ఆ కుమలడం తగ్గుతుంది, పొగా తగ్గుతుంది.

పొగ ఎలా పుడుతుంది

కట్టెకు వేడి తగిలితే మొదట పోయేది నీరు. 200 డిగ్రీల సెల్సియస్ దాటాక కట్టెలోని హెమిసెల్యులోజ్, ఆపైన సెల్యులోజ్ విడిపోయి ఆవిర్లు వదులుతాయి. కాస్త తీపి పట్టిన వాసనలు, మాంసానికి బంగారు రంగు ఇచ్చే పదార్థాలు వీటిలోవే. లిగ్నిన్ విడిపోతే గ్వాయకాల్, సిరింగాల్ అనే రెండు ముఖ్యమైన పదార్థాలు వస్తాయి. పొగ రుచిగా నాలుకకు తెలిసేది ప్రధానంగా గ్వాయకాల్, పొగ వాసనగా ముక్కుకు తెలిసేది ప్రధానంగా సిరింగాల్.

ఈ ఆవిర్లు కూడా ఇంధనమే. తగినంత గాలి, తగినంత వేడి దొరికితే అవీ మండి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిగా మారిపోతాయి. దొరక్కపోతే పొగై తేలుతాయి. పచ్చి కట్టె పొగలు చిమ్మడానికి కారణం ఇదే: నీటిని తరిమేయడానికే వేడి ఖర్చయిపోయి, ఆవిర్లు మండేంత వేడి మిగలదు. బాగా ఆరిన కట్టెలో కూడా 15 నుంచి 20 శాతం తేమ ఉంటుంది. గుళికలో 10 శాతం లోపే. ముక్క చిన్నది, తేమ తక్కువ, గిన్నెలోకి ఫ్యాన్ ఊదుతూనే ఉంది. ఆవిర్లలో ఎక్కువ భాగం గిన్నె దాటకముందే మండిపోతాయి.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. 225 ఫారెన్‌హీట్ నిలపడానికి ఈ యంత్రానికి గంటకు సుమారు అరకిలో గుళికలు చాలు. ఒక పక్క మంట, ఇంకో పక్క మాంసం ఉండే ఆఫ్‌సెట్ స్మోకర్‌కు అంతకు ఎన్నో రెట్లు కట్టె కావాలి. కాలేది తక్కువ, కాలినది శుభ్రంగా కాలుతోంది. రెండూ కలిసి పొగను పలచన చేస్తాయి.

[ తెల్ల పొగ, నీలి పొగ

యంత్రం రాజేసిన మొదటి నిమిషాల్లో గొట్టంలోంచి చిక్కటి తెల్ల పొగ వస్తుంది. అందులో పెద్ద బిందువులు, సగం కాలిన తారు లాంటి పదార్థాలు ఉంటాయి. అవి మాంసం మీద పడితే చేదు, నాలుక మొద్దుబారినట్టు ఉంటుంది. మంట కుదిరాక పొగ పలచబడి లేత నీలంగా మారుతుంది. దాని రేణువులు మరీ చిన్నవి కాబట్టి వెలుతురులోని నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. వంటకు కావలసింది ఈ నీలి పొగ. తెల్ల పొగ తగ్గేదాకా మాంసం లోపల పెట్టవద్దు. ]

పొగ పట్టించడం ఎలా

మొదటి మార్గం, మంటను కాస్త ఆకలితో ఉంచడం. మొదటి రెండు మూడు గంటలు 180 ఫారెన్‌హీట్ (82 సెల్సియస్) దగ్గర పెట్టి, ఆ తర్వాత 225కో 250కో పెంచాలి. తక్కువ వేడి దగ్గర ఆగర్ ఎక్కువసేపు ఆగుతుంది, గాలి తగ్గుతుంది, గుళికలు కుములుతాయి. 300 దాటిస్తే పొగ మీద ఆశ వదులుకోవచ్చు. కైమా ఉండలకూ, సూదితో మసాలా నీళ్లు ఎక్కించిన మాంసానికీ మాత్రం ఈ పద్ధతి వద్దు. క్రిములు వాటి లోపలిదాకా చేరి ఉండవచ్చు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కువసేపు ఉంచడం ప్రమాదం.

రెండోది, మాంసాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా, తడిగా ఉన్నప్పుడే పెట్టడం. గంటసేపు బయట ఉంచి పెట్టాలని చాలా వంట పుస్తకాలు చెబుతాయి. పొగ విషయంలో అది తిరగబడుతుంది. పొగ రేణువులు వేడిగాలి నుంచి చల్లటి ఉపరితలం వైపు జరుగుతాయి, పొగలోని చాలా పదార్థాలు నీటిలో కరుగుతాయి. చల్లటి, తడి మాంసం ఈ రెంటికీ అనుకూలం. పైభాగం ఆరిపోతుంటే గంటకోసారి కొంచెం నీళ్లో, యాపిల్ వెనిగరో చిలకరించవచ్చు. అంతకు మించి మూత తీస్తే వేడి పోతుంది తప్ప లాభం లేదు. మాంసం 140 ఫారెన్‌హీట్ చేరాక ఇక పొగ పట్టదన్న మాట బాగా ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. ఆ వేడి దగ్గర ఆగేది కింద చెప్పిన గులాబీ గీత. పొగ వంట చివరిదాకా పడుతూనే ఉంటుంది.

మూడోది, స్మోక్ ట్యూబ్. ఒళ్లంతా చిల్లులున్న స్టీలు గొట్టం. అందులో గుళికలు నింపి, ఒక కొసన అంటించి, మంట ఊది ఆర్పి జాలీ మీద ఒక మూల పెడితే నాలుగైదు గంటలు కుములుతుంది. ఫ్యాన్ గాలి నేరుగా తగలదు కాబట్టి ఇది మండదు, పొగే వదులుతుంది. యంత్రం వేడి ఇస్తే గొట్టం పొగ ఇస్తుంది. పొగ చాలదని అనిపించి యంత్రాన్ని మార్చబోయేవాళ్లు ముందు ఈ గొట్టం కొనడం మేలు.

హికరీయా, యాపిలా, చెర్రీయా అనే చర్చకు ఇచ్చినంత విలువ దానికి లేదు. కట్టె జాతి కన్నా అది ఎలా కాలుతోందన్నదే రుచిని ఎక్కువగా నిర్ణయిస్తుంది. పైగా సంచి మీద హికరీ అని పెద్ద అక్షరాలున్నా లోపల ఎక్కువ భాగం ఓక్ లేదా ఆల్డర్ కావచ్చు. వెనకవైపు చిన్న అక్షరాల్లో మిశ్రమమా, ఒకే కట్టెనా అన్నది చదివి కొనాలి.

[ గులాబీ గీత

పొగలో వండిన మాంసాన్ని కోస్తే అంచు లోపల గులాబీ రంగు పట్టీ కనిపిస్తుంది. మంటలో పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్ తడి ఉపరితలంలో కరిగి, మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్‌తో కలిసి ఆ రంగును నిలిపేస్తుంది. 60 డిగ్రీల సెల్సియస్ దాటాక మయోగ్లోబిన్ మారిపోవడం మొదలవుతుంది, పట్టీ ఇక పెరగదు. చూడ్డానికి బాగుంటుంది, రుచితో దానికి సంబంధం లేదు. ]

కదలని ముల్లు

కొత్తవాళ్లను ఎక్కువగా కంగారు పెట్టేది ఇది. బ్రిస్కెట్ అంటే గొడ్డు రొమ్ము మాంసం. దాన్ని పొద్దున పెడితే మధ్యాహ్నానికి లోపలి వేడి 65, 70 సెల్సియస్ దాకా హాయిగా వస్తుంది. అక్కడ ఆగిపోతుంది. గంట, రెండు గంటలు, ఒక్కోసారి నాలుగైదు గంటలు కదలదు. యంత్రం చెడిపోయిందనుకుని వేడి పెంచేవాళ్లున్నారు.

ఎండాకాలం మట్టికుండలో నీళ్లు చల్లబడటానికి కారణమే దీనికీ కారణం. కుండ ఒంటి మీదికి ఊరిన నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. మాంసం కూడా లోపలి నీటిని పైకి ఊరుస్తుంది. అది ఆవిరై తీసుకుపోయే వేడి, యంత్రం ఇచ్చే వేడి సమానమైన చోట ముల్లు నిలిచిపోతుంది. అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త గ్రెగ్ బ్లాండర్ దీన్ని తేలిగ్గా తేల్చాడు. నీళ్లలో తడిపిన స్పాంజినీ, ఒక కొవ్వు ముద్దనూ స్మోకర్‌లో పెట్టి చూశాడు. కొవ్వు ఆగకుండా వేడెక్కింది. స్పాంజి మాంసంలాగే నిలిచిపోయింది. స్పాంజిలో కరగడానికి కొవ్వు, కొల్లాజెన్ ఏమీ లేవు. ఉన్నది నీరొక్కటే.

పెల్లెట్ స్మోకర్‌లో ఫ్యాన్ గాలి తిప్పుతుంది కాబట్టి ఆవిరి ఇంకా చురుగ్గా పోతుంది. విరుగుడు సులభం. ముల్లు ఆగాక, పైపొర ముదురు రంగు తిరిగి గట్టిపడిందని చూసుకుని, మాంసాన్ని ఫాయిల్‌లోనో, పూత లేని మందపాటి బుచర్ పేపర్‌లోనో గట్టిగా చుట్టేయాలి. ఫాయిల్ తొందరగా ముగిస్తుంది కానీ పైపొరను మెత్తబరుస్తుంది. కాగితం కొంత ఆవిరిని పోనిస్తుంది, పైపొర నిలుస్తుంది. టెక్సస్‌లో కాగితానికే ఓటు, నా ఓటూ దానికే.

ఇంత ఓపిక ఎందుకంటే కొల్లాజెన్ కోసం. ఆవుకు మెడ కింద మనకున్నట్టు అడ్డ ఎముక ఉండదు. ముందు భాగపు బరువు రొమ్ము కండరాలే మోస్తాయి, అందుకే వాటి నిండా గట్టి కొల్లాజెన్ పోగులు. 70 డిగ్రీల పైన గంటల తరబడి ఉంటేనే అవి జిలాటిన్‌గా కరుగుతాయి. 95 సెల్సియస్ ప్రాంతంలో థర్మామీటరు కడ్డీ గుచ్చితే అడ్డు లేకుండా దిగుతుంది. అంకె కన్నా ఆ దిగడమే నమ్మకమైన గుర్తు.

మేక, కోడి

గొడ్డు మాంసం, పంది మాంసం తినని తెలుగు ఇళ్లలో ఈ యంత్రం మీదికి ఎక్కేవి మేక, కోడి. మేకలో కొల్లాజెన్ చాలా ఉంది, కొవ్వు తక్కువ. అందుకని తొడకన్నా భుజం మేలు. ముందు రాత్రి ఉప్పు పట్టించాలి. ఉప్పు ఒక్కటే లోతుగా ఇంకుతుంది. కారం, మిరియాలు, ధనియాల పొడి పైపైనే ఉంటాయి. అల్లం వెల్లుల్లి ముద్ద మందంగా పూస్తే పొగ ముద్దకు పడుతుంది, మాంసానికి కాదు. 180 ఫారెన్‌హీట్ దగ్గర రెండు గంటలు పొగ పట్టించి, 250కి పెంచి, లోపల 70 సెల్సియస్ వచ్చాక కాస్త నెయ్యి, ఎముకల రసం పోసి ఫాయిల్‌లో చుట్టేస్తే ఎండిపోకుండా మెత్తబడుతుంది. 

కోడికి దీర్ఘ వంట అక్కర్లేదు. 225 దగ్గరే చివరిదాకా ఉంచితే తోలు రబ్బరులా సాగుతుంది. ముప్పావు గంట పొగ చాలు. ఆపైన 375 ఫారెన్‌హీట్ (190 సెల్సియస్)కు పెంచేయాలి. తొడలో, రొమ్ములో మందమైన చోట 74 సెల్సియస్ వచ్చిందో లేదో తప్పక చూడాలి.

కొనేటప్పుడు

ధరలు 500 డాలర్ల నుంచి 2,000 దాటి పోతాయి. మొదట చూడాల్సింది కంట్రోలర్. పీఐడీ ఉండాలి, దానితోపాటు పొగ స్థాయిని మార్చుకునే మీట ఉంటే ఇంకా మంచిది. రెండోది రేకు మందం, మూత ఎంత బిగువుగా కూర్చుంటుందన్నది. డాలస్‌లో పలచటి రేకుతో సరిపెట్టుకోవచ్చు కానీ మిన్నెసోటా, న్యూజెర్సీ చలికి గుళికల ఖర్చు పెరిగిపోతుంది, వేడీ నిలవదు. మూడోది, దుకాణంలో ఎవరూ అడగనిది: బూడిద ఎలా తీయాలి? కింద నుంచి లాగితే గిన్నె ఖాళీ అయ్యే ఏర్పాటు ఉందా, లేక జాలీ, రేకులు అన్నీ విప్పాలా? హాపర్‌లో మిగిలిన గుళికలు దించడానికి తలుపు ఉందా? ఈ రెండూ లేని యంత్రాన్ని శుభ్రం చేయడం మానేస్తారు, శుభ్రం చేయనిది అంటుకోదు.

ఫోన్‌తో కలిసే సౌకర్యం రాత్రి వంటకు పనికొస్తుంది, దాని కోసం గట్టి రేకును వదులుకోవద్దు. పొడవు చూసి మోసపోవద్దు కూడా. నలుగురున్న ఇంటికి రెండు కోళ్లు, ఒక మేక భుజం పట్టే జాలీ చాలు. స్టేక్‌ను నేరుగా మంట మీద కాల్చాలన్న కోరిక ఉంటే, మధ్య రేకు జరిపే వీలున్నది తీసుకోవాలి. మిగతా యంత్రాలకు అది చేతకాదు.

[ బాయిలర్ గుళికలు వంటకు వద్దు

మన దేశంలో వేరుశనగ పొట్టు వంటి వ్యవసాయ వ్యర్థాలతో చేసిన గుళికలను బాయిలర్లలో వాడుతున్నారు, థర్మల్ కేంద్రాల్లో బొగ్గుతో కలుపుతున్నారు. అమెరికాలో ఇళ్లు వెచ్చబెట్టుకునే గుళికలు వేరే అమ్ముతారు. చౌకని ఇవేవీ స్మోకర్‌లో పోయకూడదు. జిగట కారే మెత్తని కట్టె, మందు పట్టించిన కలప ముక్కలు వాటిలో ఉండవచ్చు. ఆహారానికని రాసి ఉన్నవే వాడాలి. ]

నిప్పుతో జాగ్రత్త

గుళికలకు నీరే శత్రువు. తడి తగిలితే మళ్లీ పొట్టుగా విచ్చుకుని, ఆగర్ గొట్టంలో ఉబ్బి గట్టిపడి, మోటారును బిగదీస్తాయి. సంచి విప్పాక మూత బిగించే డబ్బాలో పోసుకోవాలి. వాన పడే చోట యంత్రానికి కప్పు ఉండాలి.

మధ్యలో మంట ఆరిపోతే వెంటనే మళ్లీ స్టార్ట్ నొక్కకూడదు. అప్పటికే గిన్నెలో గుళికలు పోగుపడి ఉంటాయి. వేడి కడ్డీ తగిలితే అవి చాలాసేపు కుమిలి, పీపా నిండా మండే ఆవిర్లు చేరి, ఒక్కసారిగా భగ్గుమంటాయి. మూత ఎగిరిపడిన సందర్భాలున్నాయి. చల్లారనిచ్చి, గిన్నె ఖాళీ చేసి, మొదటి నుంచి రాజేయాలి. వంట అయ్యాక ప్లగ్ పీకేయడం కూడా తప్పే. షట్‌డౌన్ నొక్కితే ఫ్యాన్ కాసేపు తిరిగి గిన్నెలో మిగిలినవి కాల్చేస్తుంది. లేకపోతే నిప్పు ఆగర్ వెంట హాపర్ వైపు పాకవచ్చు. వాలు రేకు మీద పేరుకున్న కొవ్వు అంటుకుంటే మూత మూసి ఉంచి, కరెంటు ఆపాలి. నీళ్లు పోయకూడదు.

గరాజ్‌లో, తలుపులు మూసిన వరండాలో దీన్ని వెలిగించవద్దు. పొగ పలచగా ఉందంటే కార్బన్ మోనాక్సైడ్ లేదని కాదు. ఆ వాయువుకు వాసన ఉండదు.

పొగ పట్టించి నిల్వ చేసే మాంసంతో సహా ప్రాసెస్ చేసిన మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. కొవ్వు మంట మీద పడకుండా రేకు ఆపడం పెల్లెట్ స్మోకర్‌లో ఒక మేలు, ఎందుకంటే హానికర పదార్థాలు ఎక్కువగా పుట్టేది అక్కడే. అయినా దీన్ని పండగ వంటగానే ఉంచుకోవాలి.

చివరికి ఏది కొనాలి? చిక్కటి పొగ రుచే ప్రాణం, దాని కోసం పగలంతా కట్టె వేస్తూ కూర్చోగలరు అంటే ఆఫ్‌సెట్ స్మోకర్ కొనండి. ఉద్యోగం, పిల్లలు, అతిథుల మధ్య వారాంతానికి ఒక మేక భుజం నమ్మకంగా ఉడకాలంటే పెల్లెట్ స్మోకరే సరి. ఏది కొన్నా, దానితో పాటు విడిగా ఒక మంచి థర్మామీటరు కొనండి. పీపాకు ఉన్న ముల్లు గోడ దగ్గరి వేడి చెబుతుంది, మాంసం లోపలిది కాదు.